పసుపు రాసిన స్టవ్వు

వైశాఖ మాసం, బహుళ పక్షం, శుక్రవారం, పొద్దున్న ఏడు గంటల ఇరవై నిమిషాలు. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు. అయినా టైము ఖాయంగా చెప్పగలను. రైసుమిల్లు ఏడు గంటల కూత అయిపోయింది. నేను తలారా నీళ్ళు పోసుకుని, స్టవ్వుకి పసుపు రాసి బొట్టు పెట్టి, అగ్గిపుల్ల గీసేసరికి ఏలూరు వెళ్ళే పాసింజరు గేటు దగ్గర కూసింది. మావయ్యగారు ఆ బండి కూతకి కొట్లో గోడగడియారం సరిచేసుకునేవారు. ఆ రోజు కూడా సరిచేసుకుంటూ, "ఏడూ ఇరవై" అని పైకి అనడం వంటింట్లోకి వినిపించింది. ఆ తరవాత కాసేపటికే మంట లేచింది.

యాభైల్లో మాట ఇది. నాకు పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు. తాడేపల్లిగూడెం బజారులో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో బెల్లం, చింతపండు, పప్పులు అమ్మేవారు. నేను పుట్టింది కొల్లేటి లంకలో. మా నాన్నది అక్కడ చిన్న చిల్లరకొట్టు. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది, మామ్మ పెంచింది. లంకలో బడి లేదు. అవతలి ఊళ్ళో ఉన్నా, ఆడపిల్లని చదువు కోసం రోజూ దోనె ఎక్కించేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని అక్షరం ముక్క రాకుండా అత్తారింటికి వచ్చాను. గొప్పకీ చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. ఉన్నమాట.

అత్తయ్యగారిది మంచి నోరు కాదు. చెయ్యి మాత్రం మంచిది. నేను కాపరానికి వచ్చిన మర్నాడు నా తల దువ్వుతూ, "తల్లి లేని పిల్లవి. నేను తిడితే ఎవరితో చెప్పుకుంటావే?" అని అడిగారు. జవాబు కూడా ఆవిడే చెప్పారు. "నాతోనే చెప్పుకో. 'ఇవాళ మా అత్త నన్ను ఇన్ని మాటలంది' అని నా దగ్గరే ఏడువు. నేను ఓదారుస్తాను" అన్నారు. నిజంగానే అలాగే జరిగేది. పొద్దున్న తిట్టేవారు, మధ్యాహ్నం ఓదార్చేవారు.

ఆవిడకి ఉబ్బసం. తాడేపల్లిగూడెంలో మిల్లులు ఎక్కువ, ఊకకి కొదవ లేదు. డబ్బాలో ఊక కూరి, మధ్యలో రోకలి నిలబెట్టి తీస్తే బొక్క పడుతుంది. కింద అంటిస్తే పూటంతా మండుతుంది. మండినంతసేపూ పొగే. పాతికేళ్ళు ఆ పొగలో వంట చేశారు. నేను వచ్చేసరికి ఆవిడ పడుకుని నిద్రపోవడం మానేసి చాలాకాలమైంది. గోడకి దిండు ఆనించుకుని, కూర్చునే కునుకు తీసేవారు.

డాక్టరు గారు ఒకసారి మావయ్యగారిని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పారు. "పొగ దగ్గర కూర్చోబెట్టి నన్ను మందు ఇమ్మంటే ఎలాగండీ? ఇంట్లోంచి పొగైనా పోవాలి, ఈవిడైనా పోవాలి." పోవడానికి చోటు ఉంది. చింతలపూడిలో అత్తయ్యగారి తమ్ముడున్నాడు. మెట్ట ఊరు, గాలి పొడిగా ఉంటుంది, వంట మరదలు చూసుకుంటుంది. అత్తయ్యగారు మాత్రం, "నేను వెళ్ళను. ఈ పిల్లకి పులుసులో ఉప్పు వెయ్యడం ఇంకా రాలేదు" అని కూర్చున్నారు.

మావయ్యగారు మాటలు తక్కువ మనిషి. ఏలూరు వెళ్ళి, సాయంత్రం బండికి ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. అందులో గాలి కొట్టే కిరసనాయిలు స్టవ్వు. ఇత్తడి పొట్ట, మూడు కాళ్ళు, పక్కన పంపు, పంపు పక్కన గాలి వదిలే మర, నెత్తిన బర్నరు. బర్నరుకి సూది దూరేటంత కన్ను. ఆ కన్ను పొడుచుకోవడానికి రేకు ముక్క చివర వెంట్రుకంత తీగ ఉన్న పిన్ను. పెట్టె అడుగున తెలుగులో అచ్చువేసిన కాగితం. మావయ్యగారు కాగితాన్ని పైనా కిందా చూసి, "కొట్టువాడు అంతా చూపించాడులే" అని మడిచి ఇచ్చేశారు. అచ్చుకాగితం సరస్వతి కాబట్టి అత్తయ్యగారు దానికి కుంకుమ అద్ది దేవుడి గూట్లో పెట్టారు. ఎవరూ చదవలేదు.

మొన్న మా మనవరాలు ఇంటికి మైక్రోవేవు ఓవెను తెచ్చింది. నేను ముందు దాంతో వచ్చిన కాగితం ఇమ్మన్నాను. "అవి ఎవరు చదువుతారు మామ్మా!" అని నవ్వింది. కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివాకే ప్లగ్గు పెట్టనిచ్చాను. స్టీలు గిన్నె పెట్టకూడదు, లోపల ఏమీ లేకుండా ఖాళీగా తిప్పకూడదు, బిగించి మూతపెట్టిన సీసా పెట్టకూడదు, తలుపు సరిగ్గా పడకపోతే వాడకూడదు. "మీ మామ్మ ఇల్లు తగలబెట్టబోయి నేర్చుకుంది, నువ్వు కూర్చుని నేర్చుకో" అన్నాను. ఎలా తగలబెట్టబోయానో చెప్పమంది. అదే రాస్తున్నాను.

కొత్తలో స్టవ్వు బాగా పనిచేసింది. బర్నరు కింది చిన్న కప్పులో స్పిరిట్టు పోసి అంటించడం, బర్నరు కాగాక మర బిగించి గాలి కొట్టడం. బుస్సుమని నీలిమంట. చప్పుడు ఎంతంటే కొట్లో బేరగాళ్ళు "లోపల ఇంజను పెట్టారా షావుకారు గారూ?" అని అడిగేవారు. పొగ లేదు, మసి లేదు. ఇరవై రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం చూస్తే అత్తయ్యగారు చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. పడుకుని! నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి చల్లగా ఆడుతోంది. అక్కడే కూర్చుని ఆవిడ లేచేదాకా విసురుతూ ఉన్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెబుతాను.

మొదటి రోజున అత్తయ్యగారికి ఒక అనుమానం వచ్చింది. పొయ్యి అంటే అలికి, ముగ్గేసి, శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టేది. ఈ ఇత్తడి సామాను పొయ్యి అవునా, కాదా? కాకపోతే దీని మీద వండింది దేవుడికి ఎలా పెడతాం? రెండు రోజులు ఆలోచించి ఆవిడే తీర్పు చెప్పారు. "పొయ్యే. అన్నం ఉడికించింది కదా, పొయ్యే. పొయ్యి అయ్యాక పొయ్యి మర్యాద చెయ్యాల్సిందే." అలకడానికి కుదరదు కాబట్టి వారానికోసారి చింతపండుతో తోమి, బోర్లించి కడిగేదాన్ని. శుక్రవారం మూడు కాళ్ళకీ, పొట్టకీ పసుపు రాసేదాన్ని. పొయ్యికి నెత్తిన కూడా రాయాలి కదా, బర్నరుకీ రాసేదాన్ని. నాకు ఏదైనా కొసరు వెయ్యడం అలవాటు. వారం వారం పసుపు దట్టమైంది.

ఆ శుక్రవారం స్పిరిట్టు అంటించి గాలి కొట్టాను. మంట రాలేదు. ఇంకో పది కొట్టాను, రాలేదు. పిన్నుతో కన్ను పొడిచాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ పొడిచాను. ఈ లోపల స్పిరిట్టు ఆరిపోయి బర్నరు చల్లారిందన్న సంగతి నేను పట్టించుకోలేదు. ఇంకో అగ్గిపుల్ల గీసి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గట్టిగా పొడిచాను. కన్ను తెరుచుకుంది. నూనె నూనెగానే పిచికారీలా ఎగజిమ్మి, అగ్గిపుల్ల మీంచి ఉట్టి దాకా లేచింది. ఉట్టి తాడు అంటుకుంది. కింద పడ్డ నూనె గచ్చు మీద మండుతోంది.

నేను చేసిన పని చూడండి. బిందెలో నీళ్ళు చెంబుతో ముంచి మంట మీద పోశాను. లంకలో కిక్కిస గడ్డి కప్పు అంటుకుంటే అందరం చేసే పని అదే. కొల్లేటి పిల్లకి ప్రతిదానికీ నీళ్ళే మందు. కానీ నూనె నీళ్ళ మీద తేలింది. తేలి, మండుతూనే, గచ్చు వాలు వెంబడి అత్తయ్యగారి వైపు పారింది. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతున్నారు.

రెండో చెంబు ముంచుతుంటే, "నీళ్ళు కాదే! నీళ్ళు కాదు!" అని అరిచారు. వేసవి కాబట్టి మంచినీళ్ళ కుండ మూలన తడి ఇసుక మీద ఉంది. అత్తయ్యగారు లేచి, ఆ కుండని కాలితో ఒక్క తోపు తోసి, రెండు చేతులా ఇసుక ఎత్తి మంట మీద పోశారు. ఒకటి, రెండు, మూడు. తరవాత చేటతో ఎత్తారు. వాళ్ళ నాన్నగారిది గణపవరంలో కొట్టు. అక్కడ కిరసనాయిలు డబ్బా పక్కన ఎప్పుడూ ఇసుక తట్ట ఉండేదట. ఆ సంగతి ఆవిడ చేతులకి గుర్తుంది.

చప్పుడుకి కొట్లోంచి మావయ్యగారూ, మా ఆయనా పరిగెత్తుకొచ్చారు. ఆయన తడిగుడ్డ చేతికి చుట్టుకుని స్టవ్వు మర తిప్పి గాలి వదిలేశారు. మావయ్యగారు కర్రతో ఉట్టిని కిందకి లాగి తొక్కేశారు. పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీంచి తలపెట్టి, "ఏవండీ, ఏవిటండీ ఆ పొగ?" అని కేకలు.

మంట ఆరాక అత్తయ్యగారు ముందు నా దగ్గరకి వచ్చారు. ఇసుక చేతులు అలాగే నా పొట్ట మీద వేసి, "బాగున్నావా?" అని అడిగారు. నన్ను అడిగారో, లోపలున్నదాన్ని అడిగారో. నాకు అప్పుడు మూడో నెల. అది అత్తయ్యగారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నాలుగో నెల పడ్డాక చెబుదామన్నారు. బాగానే ఉన్నానని తలూపాను. జడ చివర కాస్త కాలింది, అంతే. నా తలూపు చూసి ఆవిడ గోడకి జారగిలబడ్డారు. నూనె పొగ గదంతా కమ్మింది. ఊపిరి అందలేదు. సాయంత్రం దాకా అందలేదు.

సాయంత్రం ఆవిడకి కాస్త నెమ్మదించాక మావయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పారు. "సోమవారం ఏలూరు వెళ్తున్నాను. ఆ దెయ్యాన్ని ఇచ్చేసి వస్తాను. మళ్ళీ ఊకపొయ్యే. నువ్వు మీ తమ్ముడి దగ్గరికి వెళ్ళు."

"ఎన్నాళ్ళు?" అన్నారు అత్తయ్యగారు.

"ఊపిరాడినన్నాళ్ళు."

ఆవిడ ఎదురు చెప్పలేదు. చెప్పే ఊపిరి లేదు. నా దిగులు వేరు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. నా పుట్టింట్లో ఎవరున్నారు? మామ్మ కూడా పోయింది. దోనెలో తిరిగే నాన్న ఒక్కడు. "నీ పురుడు నేను పోస్తానే, నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అని అత్తయ్యగారు మాటిచ్చారు. ఆవిడ చింతలపూడి వెళ్ళిపోతే నాకు ఇక ఎవరూ లేరు. పైగా వెళ్ళగొట్టింది నా చేతులే. ఆ సాయంత్రం ఊకపొయ్యి వెలిగించి అన్నం వండుతూ, పొగ వంకన ఏడ్చాను.

మర్నాడు శనివారం మధ్యాహ్నం మా ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చారు. పెళ్ళిళ్ళకి గ్యాసులైట్లు అద్దెకిచ్చే మనిషి. ఆ లైట్లదీ స్టవ్వుదీ లోపల ఒకటే తంతు. పెరట్లో గోనె పరుచుకుని కూర్చుని బర్నరు విప్పాడు. నేల మీద కొడితే పచ్చటి పొడి రాలింది. వేలితో తీసి వాసన చూశాడు.

"షావుకారు గారూ, ఇది బర్నరాండీ, పసుపు కొమ్మాండీ?"

మావయ్యగారు కొట్లోంచి వచ్చి చూశారు. పొట్ట వంచితే కిరసనాయిలుతోపాటు గుక్కెడు నీళ్ళు కూడా వచ్చాయి. నేను బోర్లించి కడిగినప్పుడు చేరినవి. ముసలాయన తాపీగా చెప్పుకొచ్చాడు. "పసుపుతో కన్ను పూడిపోయిందండీ. అమ్మాయిగారు పొడుస్తూ కూర్చునేసరికి బర్నరు చల్లారిపోయింది. వేడి బర్నరులోంచైతే నూనె ఆవిరై వస్తుందండీ. చల్లటి బర్నరులోంచి నూనెగానే వస్తుంది. రాలేదంటే గాలి వదిలేసి, చల్లారనిచ్చి, మళ్ళీ మొదట్నించీ రావాలి. దీని తప్పేం లేదండీ. పాపం, దీన్ని పేరంటానికి పిలిచి బొట్టు పెట్టారు, ఇది ఉక్కిరిబిక్కిరైంది."

మావయ్యగారు నా వైపు తిరిగారు. "పసుపు ఎవరు రాశారు?"

"నేనేనండీ" అన్నాను.

"రాయమన్నది నేను" అన్నారు లోపల్నించి అత్తయ్యగారు.

"నెత్తిన రాయమని అత్తయ్యగారు చెప్పలేదండీ. నేనే రాశాను."

"రాస్తుంటే చూస్తూ కూర్చున్నది నేను. దాన్ని ఏవీ అనకండి."

ముసలాయన తల ఎత్తకుండా నవ్వాడు. "తప్పు కోసం అత్తాకోడళ్ళు ఇలా దెబ్బలాడుకోవడం ఈ బజారులో ఎక్కడా చూళ్ళేదండీ. మామూలుగా అవతలివాళ్ళ మీదకి తోస్తారు." బర్నరు కడిగి, పంపులో తోలు వాషరు ఎండిపోయిందని దానికి కొబ్బరినూనె రాసి, బిగించి ఇచ్చాడు. "దీంతో ఓ కాగితం ఇస్తారండీ. అది చదువుకుంటే నాతో పని ఉండదు" అని కూడా అన్నాడు. మావయ్యగారు కొట్లోకి వెళ్ళిపోయారు. సోమవారం సంగతి మార్చుకున్నట్టు చెప్పలేదు.

ఆదివారం భోజనాల దగ్గర అత్తయ్యగారు దేవుడి గూట్లోంచి కాగితం తీయించి మా ఆయనకి ఇచ్చారు. "చదవరా. పెద్దగా చదువు. దీని బొట్టు చెరపకు." ఆయన ఎడమచేత్తో పట్టుకుని చదివారు. పొట్టలో మూడు వంతులే నూనె పొయ్యాలి, పైన గాలికి చోటు ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు నూనె పొయ్యకూడదు. బర్నరు బాగా కాగాకే గాలి కొట్టాలి. మంట ఎర్రగా లేస్తే వెంటనే మర వదలాలి. కిటికీ తెరిచి ఉంచాలి కానీ ఎదురుగాలి తగలకూడదు. కొంగు బిగించుకోవాలి. నీళ్ళు పొయ్యకూడదు, దగ్గర ఇసుక ఉంచుకోవాలి. ఇసుక మాట రాగానే అత్తయ్యగారు మావయ్యగారి వంక చూశారు. ఆయన చారు కలుపుకుంటున్నారు.

"రేపట్నించి నేను వెలిగిస్తాను" అన్నారు అత్తయ్యగారు. "ఆ పిల్లని దగ్గరికి రానివ్వను."

నేను అడ్డుపడ్డాను. "మీరు వద్దండీ. మీకు ఆ వాసన పడదు. నేను జాగ్రత్తగా వెలిగిస్తానండీ."

"నువ్వు నోరుముయ్యి. ఒరేయ్, అందులో కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి ఏమైనా రాశాడేమో చూడు."

"కడుపుతోనా? ఎవరు?" అన్నారు ఆయన.

"నీ పెళ్ళాం. ఇంకెవరు, మీ నాన్నా?"

మావయ్యగారికి పొలమారింది. నేను గరిటె పట్టుకుని పెరట్లోకి పారిపోయాను. గోడ అవతల నిలబడి విన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పిన చప్పుడు. తరవాత మా ఆయన గొంతు వచ్చింది, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, మధ్యమధ్య ఆగుతూ. "గర్భిణులును... ఉబ్బసము గలవారును... ఈ స్టవ్వును వెలిగింపరాదు. అట్టివారు ఇంట నున్నచో... మగవారు వెలిగించి ఇయ్యవలెను."

"ఇందాక చదవలేదే?"

"మడతలో ఉందమ్మా."

"సరిగ్గా చూడు."

"అచ్చులో ఉందమ్మా. నేనేం చెయ్యను?"

అత్తయ్యగారు కొడుకు మాట వినని మనిషే, మొగుడి మాట వినని మనిషే. అచ్చులో ఉన్న మాటని మాత్రం కాదనలేదు. "రాసినవాడు ఎవడో కాపరం తెలిసినవాడు" అన్నారు.

సోమవారం పొద్దున్న మావయ్యగారు ఉత్తరీయం వేసుకుని, అట్టపెట్టె పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు. మా ఆయన పంచె ఎగగట్టి స్టవ్వు ముందు కూర్చున్నారు. పక్కన ఇసుక తట్ట. అత్తయ్యగారిని కిటికీ పక్కన పీట మీద కూర్చోబెట్టారు. నన్ను గడప ఇవతలే ఉండమన్నారు. స్పిరిట్టు పోశారు, అంటించారు, కప్పులో మంట సన్నగిల్లేదాకా ఆగారు. ఆ ఆగడం ఉంది చూడండి, అదే అంతా. నేను ఏనాడూ అలా ఆగలేదు. తరవాత మర బిగించి నాలుగు సార్లు గాలి కొట్టారు. నీలిమంట బుస్సుమంది.

నేను ఎసరు పెట్టలేదు, కాఫీ పెట్టాను. మావయ్యగారికి గ్లాసు అందించాను. తాగుతూ అత్తయ్యగారి వంకే చూస్తున్నారు. ఆవిడ ఊపిరి చప్పుడు వింటున్నారని నాకు అర్థమైంది. స్టవ్వు చప్పుడులో ఊపిరి చప్పుడు వినపడలేదు. వినపడకపోవడమే ఆయనకి కావలసింది. బండి కూసింది. గ్లాసు కింద పెట్టి లేచారు. అట్టపెట్టె తీసుకోలేదు.

"ఇచ్చేస్తానన్నారుగా?" అన్నారు అత్తయ్యగారు.

"మోతబరువు" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఏలూరు నుంచి తిరిగొచ్చి ఒక పొట్లం నా ముందు పెట్టారు. అందులో పన్నెండు పిన్నులు, రెండు తోలు వాషర్లు. ఆయన జన్మలో నాకు చేతికిచ్చిన మొదటి వస్తువు అదే.

అప్పట్నించి నా పురుడయ్యేదాకా రోజూ రెండు పూటలా మా ఆయనే స్టవ్వు వెలిగించి కొట్లోకి వెళ్ళేవారు. పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీంచి, "మీ అబ్బాయి చేత పొయ్యి కూడా రాజేయిస్తున్నారటండీ?" అని అడిగితే, అత్తయ్యగారు, "అచ్చులో అలా రాశారండీ. మీ ఇంట్లో స్టవ్వు లేదుగా, మీకు తెలీదు" అనేవారు. శుక్రవారం పసుపు మానలేదు. స్టవ్వు కింద ఒక రాతిపలక వేయించి, పలకకి రాసేవాళ్ళం. మర్యాద పలకది, పని స్టవ్వుది. కార్తీకంలో నాకు ఆడపిల్ల పుట్టింది. అత్తయ్యగారే పురుడు పోశారు. ఆవిడ చింతలపూడి వెళ్ళారు, తమ్ముడి ఇంట్లో గృహప్రవేశానికి. రెండు రోజులుండి వచ్చేశారు.

ఆ పిల్ల పలక పట్టినప్పుడు దానితోపాటు నేనూ పట్టాను. ఇద్దరు పిల్లల తల్లిని, అ ఆ లు దిద్దుతుంటే అక్షరాల వంకర పోయేది కాదు. పిల్ల ఆరు నెలల్లో దాటిపోయింది, నాకు రెండేళ్ళు పట్టింది. మొదట ఏం చదవాలో నాకు ముందే తెలుసు. ఒక మధ్యాహ్నం దేవుడి గూట్లోంచి ఆ కాగితం తీశాను. మడతల దగ్గర చిరుగు పట్టింది, కుంకుమ మరక గోధుమరంగు తిరిగింది. అత్తయ్యగారు చాప మీద పడుకుని ఉన్నారు.

"చదువు, వింటాను" అన్నారు.

వేలు పెట్టుకుని చదివాను. మూడు వంతుల నూనె, వేడి బర్నరు, ఎర్రమంట, కిటికీ, కొంగు, ఇసుక. అన్నీ ఉన్నాయి. అడుగున కంపెనీ ముద్ర ఉంది. గర్భిణులు లేరు. ఉబ్బసం లేదు. మగవారు లేరు. కాగితం తిప్పి చూశాను. మడత విప్పి వెలుగుకి పెట్టి చూశాను. ఆదివారం చారన్నం ముందు కూర్చుని, ఎడమచేత్తో కాగితం పట్టుకుని, ఆ గ్రాంథికం అంతా ఆయన అక్కడికక్కడ అల్లారు. ఆయన కొట్లో చింతపండు తూస్తున్నారు. ఇవతల నా కళ్ళు నిండిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఆగావేం? మడతలో ఉన్నది చదువు" అన్నారు అత్తయ్యగారు.

ఒక్క క్షణం ఆలోచించాను. ఆవిడ కిటికీ పక్క పీట మీద కూర్చున్న ఏళ్ళన్నీ ఆ మాట మీదే కూర్చున్నారు. వేలు ఖాళీ కాగితం మీద జరుపుతూ చదివాను. "గర్భిణులును, ఉబ్బసము గలవారును ఈ స్టవ్వును వెలిగింపరాదు. అట్టివారు ఇంట నున్నచో మగవారు వెలిగించి ఇయ్యవలెను."

అత్తయ్యగారు పైకప్పు వైపు చూస్తూ విన్నారు.

"వాడికన్నా నువ్వే బాగా చదివావే. వాడు అప్పుడు నాలుగు చోట్ల తడబడ్డాడు" అన్నారు. తరవాత పక్కకి ఒత్తిగిలి కళ్ళు మూసుకున్నారు. కాగితం ఎప్పటిలాగే మడిచి గూట్లో పెట్టాను.

మంట లేచిన ఆ శుక్రవారం పొద్దున్న ఏడూ ఇరవైకి అక్కడ ఉన్నవాళ్ళం వీళ్ళం. కొట్లో గడియారం సరిచేసుకుంటూ మావయ్యగారు. ఆయన పక్కన త్రాసు ముందు మా ఆయన. ప్రహరీ అవతల పక్కింటి పిన్నిగారు. కత్తిపీట ముందు, ఇసుకకి నాలుగడుగుల దూరంలో అత్తయ్యగారు. చేతిలో అగ్గిపుల్లతో నేను. నా లోపల, అత్తయ్యగారికి తప్ప ఇంకా ఎవరికీ చెప్పని మా పెద్దమ్మాయి.